మంచు కింద నీరు

ఎండకు మంచు కరుగుతుందని అందరికీ తెలుసు. పొద్దే పొడవని చోట ఎందుకు కరుగుతున్నట్టు? నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో అక్టోబరు చివర గుంకిన సూర్యుడు మళ్లీ కనిపించేది ఫిబ్రవరిలోనే. అంత చీకటిలో, అంత చలిలో సముద్రమైనా గడ్డకట్టాల్సిందే. అయినా అక్కడి కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయలో 2006 శీతకాలం మొదలు మంచు సరిగ్గా పేరుకోని ఏళ్లే ఎక్కువ. ఆ ఏడు అట్లాంటిక్ నుంచి ఉత్తరానికి పారే వెచ్చని ప్రవాహం పాయలోకి చొరబడింది. వెచ్చని నీరంటే సున్నాకు రెండు మూడు డిగ్రీలు పైన, అంతే. ఉప్పునీరు గడ్డకట్టాలంటే మైనస్ 1.8 డిగ్రీలకు చల్లబడాలి కనుక, మంచును అడ్డుకోవడానికి ఆ కాస్త వెచ్చదనం చాలు.

ఈ నీటి సంగతి నూట ముప్ఫై ఏళ్ల కిందటే తెలుసు. 1893లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ ‘ఫ్రామ్’ అనే ఓడను కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించాడు. మంచుతోపాటే దాదాపు మూడేళ్లు కొట్టుకుపోయిన ఆ ఓడ మీద నుంచి లోతు నీటిని తోడి చూస్తే, రెండు వందల మీటర్ల కింద సున్నాకు పైన ఉష్ణోగ్రత తేలింది. అట్లాంటిక్ నుంచి వచ్చి చేరిన నీరది. ధ్రువ సముద్రపు మంచునంతా కరిగించగల వేడి అందులో ఉంది. మరి ఇన్నాళ్లూ కరిగించలేదేం? సైబీరియా నదులు తెచ్చిపోసే మంచినీరు, కరిగిన మంచు కలిసి పైన ఉప్పు తక్కువైన చల్లని పొరగా నిలిచాయి. తేలికైనది పైన, ఉప్పెక్కువై బరువెక్కింది కింద ఉన్నంతకాలం రెండూ అంత సులువుగా కలవవు. మంచును కాపాడుతూ వచ్చింది ఆ పొరే.

బేరెంట్స్ సముద్రంలో ఇప్పుడు ఆ కాపు సడలుతోంది. ఉత్తరాన్నుంచి కొట్టుకొచ్చే మంచు తగ్గింది. అది కరిగి వదిలే మంచినీరూ తగ్గింది. అడ్డు పలచబడేసరికి అడుగు వేడి పైకి వస్తోంది, మంచు ఇంకా తగ్గుతోంది. ఆర్కిటిక్ ఇలా అట్లాంటిక్ పోలికలు తెచ్చుకోవడాన్ని శాస్త్రజ్ఞులు ‘అట్లాంటిఫికేషన్’ అంటున్నారు.

ఆ మార్పు ముందుగా తగిలేది అక్కడి ప్రాణులకు. రింగ్డ్ సీల్ తీరాన్ని అంటుకున్న మంచు పలక మీద, పేరుకున్న హిమంలో గుహ తొలుచుకుని పిల్లను కంటుంది. తెల్లబొచ్చు పిల్లకు ఆ గుహే చలి నుంచీ శత్రువు నుంచీ దాపు. పలక ఏర్పడని ఏడు తల్లి ఆరుబయటే ఈనుతుంది. పిల్ల ధ్రువపు ఎలుగుకో, గల్ పక్షులకో చిక్కుతుంది.

2014 జులైలో మన దేశం కాంగ్స్‌ఫ్యోర్డెన్ పాయలోనే ‘ఇండార్క్’ పేరుతో పరికరాల వరుసను నీటిలోకి దించింది. దాని రూపకల్పనలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తల చెయ్యీ ఉంది. వేర్వేరు లోతుల్లో నీటి వేడినీ ఉప్పదనాన్నీ చీకటి నెలల్లో సైతం నమోదు చేయడం దాని పని. మంచు జాతకం తేలేది ఆ నెలల్లోనే కనుక ఆ పని చిన్నదేమీ కాదు.

2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. తర్వాతి పుష్కరకాలంలో ఏ వేసవీ అంత దిగువకు పోలేదు కనుక కరుగుదల ఆగిందని ఊరడిల్లేవారున్నారు. వారు వేసవి లెక్క ఒక్కటే చూస్తున్నారు. 2025 మార్చిలో, మంచు నిండుగా ఉండాల్సిన రోజుల్లో, అది సుమారు 1.43 కోట్ల చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆగింది. 1979 నుంచి ఉన్న ఉపగ్రహ లెక్కల్లో అప్పటికి అదే అతి తక్కువ శీతకాలపు గరిష్ఠం. అటు అంటార్కిటికా చుట్టూ 2023 శీతకాలంలోనూ రికార్డు స్థాయిలో మంచు తగ్గింది. పైపొర కింద వేడెక్కిన నీటి మీదే అక్కడా పరిశోధకుల అనుమానం.

మన పొగ వల్ల భూమికి అదనంగా చేరిన వేడిలో నూటికి తొంభై పాళ్లు సముద్రాలే దిగమింగాయి. గాలి ఒక్క రాత్రికి చల్లబడుతుంది. సముద్రం దాచుకున్న వేడి తరాలు గడిచినా పోదు. కాబట్టి పొగ తగ్గించడాన్ని ఒక ఏడాది వాయిదా వేస్తే, ఆ ఏడాది వేడి తర్వాతి తరం ఖాతాలో పడినట్టే. అది తెలిసీ ప్రభుత్వాలు గడువులు పొడిగించుకుంటూ పోవడం క్షమించరానిది.