షౌక్ అయితే ఇజ్జత్, రోజీ అయితే నామోషీనా?

నా దగ్గర 1992 మోడల్ మజ్దా మియాటా కారు ఒకటుంది. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి పడేస్తే నెత్తిన ఆకాశమే. హెడ్‌లైట్లు పగలంతా బానెట్‌లో దాక్కుంటాయి, స్విచ్ నొక్కితే కప్ప కళ్లలా పైకి లేస్తాయి. టెక్సాస్‌లో నౌక్రీ చేసుకుంటూ, శనివారాలు దాని కింద పడుకోవడం కొన్నేళ్లుగా నా షౌక్. చేతులు నల్లగా చేసుకున్న ఫోటోలు ఖాందాన్ గ్రూపులో పెడితే "మాషా అల్లాహ్, ఏం హునర్!" అని తారీఫులే తారీఫులు.

అదే ఖాందాన్‌లో మా పెద్ద ఖాలా మనవడు ఉన్నాడు. పాలిటెక్నిక్ పూర్తిచేసి, బీటెక్‌కి పోకుండా విజయవాడ ఆటోనగర్‌లో గ్యారేజీలో చేరతానంటున్నాడు. ఇంట్లో మాతమ్. "నువ్వు చెప్తే వింటాడు బేటా, ఆ మిస్త్రీ పని వద్దని చెప్పు" అని ఖాలా నాకు ఫోన్ చేశారు. నేను చెప్పలేను. ఎందుకు చెప్పలేనో వివరించాలంటే ముందు నా కారు సంగతి చెప్పాలి.

ఈ కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చింది. 1962లో ఇంగ్లండ్‌లో లోటస్ వాళ్లు చేసిన ఎలాన్ అనే చిన్న కారు మీద మనసుపడి, అలాంటిదే రోజూ నడిచేలా, రిపేర్లకు ఏడిపించకుండా ఉండాలని జపాన్ వాళ్లు చేసుకున్నారు. మొత్తం బరువు టన్ను లోపే. బానెట్ అల్యూమినియం. గేర్‌బాక్స్‌ని వెనక డిఫరెన్షియల్‌తో కలిపే పొడుగాటి ఫ్రేమ్ కూడా అల్యూమినియమే. ఇంజన్ 1.6 లీటర్లు, తాకత్ సుమారు 116 హార్స్‌పవర్. ఈ రోజుల్లో మామూలు ఫ్యామిలీ కార్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అయినా మలుపులో తిప్పితే తెలుస్తుంది మజా. సవార్, ఘోడా ఒకటైపోవాలని జపాన్ వాళ్లకి ఒక మాట ఉంది, జింబా ఇట్టాయ్ అని. ఆ మాట పెట్టుకునే దీన్ని తయారు చేశారు.

తేలిక బండికి ఒక గుణం ఉంది. అది ఏదీ దాచదు. బరువైన కార్లో ఒక రబ్బరు బుష్ అరిగితే ఏడాదిదాకా తెలియదు. ఇందులో వారంలో తెలుస్తుంది. టైర్లో గాలి కాస్త తగ్గినా స్టీరింగ్ చాడీలు చెప్పేస్తుంది.

జంగు సంగతి ఇంకా విచిత్రం. గుడ్డ కప్పు మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోవాలి. చెట్టు కింద పెడితే ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతాయి. అప్పుడు నీళ్లు తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టెలాంటి ఇనుప భాగంలోకి దిగి అక్కడే నిలుస్తాయి. దాన్ని ఇక్కడ రాకర్ ప్యానెల్ అంటారు. లోపలినుంచి తినేస్తుంటే పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. నా కారు ఒహాయో నుంచి వచ్చింది. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రం. పాత యజమాని వెనక చక్రాల ముందు లప్పం పెట్టి ఖూబ్‌సూరత్‌గా రంగు కొట్టించాడు. అయస్కాంతం పెడితే అతుక్కోలేదు. నాకు అది ముందే తెలుసు కాబట్టే ధర తగ్గించి కొన్నాను.

వెల్డింగ్ నా వల్ల అయ్యే పని కాదు. ఊరి బయట ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు టార్చి వేయలేదు, స్క్రూడ్రైవర్ పిడితో పొడుగునా కొట్టుకుంటూ వచ్చాడు. టంగ్ టంగ్ అన్నచోట వదిలేశాడు, డబ్ అన్నచోట చాక్‌పీస్‌తో గీత గీశాడు. కోసి చూస్తే గీత గీసినంత మేరే ఇనుము పొడిపొడిగా రాలింది. మా మర్హూమ్ ఖాలూ ఇదే పని ఆటోనగర్‌లో వేలి కణుపులతో చేసేవారు. అంబాసిడర్ తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, ఎన్నిసార్లు టింకరింగ్ అయిందో చెప్పేవారు. ఇక్కడి ముసలాయన్ని అందరూ "సర్" అంటారు. గంటకి వంద డాలర్ల పైన తీసుకుంటాడు, నెల ముందు చెప్పుకుంటే గానీ దొరకడు. మా ఖాలూని పెళ్లిళ్లలో వెనక వరసలో కూర్చోబెట్టేవారు.

ఇంకో సంగతి. ఈ కారు తొలి ఇంజన్లలో, 1991 నడిమి దాకా వచ్చినవాటిలో, క్రాంక్‌షాఫ్ట్ ముక్కు పొట్టిగా ఉండేది. అరవై వేల మైళ్లకోసారి టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడు ఆ ముక్కుకున్న బోల్ట్ విప్పి మళ్లీ బిగించాలి. దాన్ని అందాజాగా బిగించి వదిలేస్తే, లోపలి తాళంముక్క కొంచెం కొంచెంగా ఆడి, గాడి అరిగి, ఇంజన్ టైమింగ్ తప్పుతుంది. బండికి దమ్ము పోతుంది. చివరికి క్రాంకే మార్చాల్సి రావచ్చు. ఎక్కడో, ఎప్పుడో, ఎవరో ఒక బోల్ట్ దగ్గర చూపించిన తొందర. దీన్ని "ఉత్త మిస్త్రీ పని" అనడానికి నాకు నోరు రాదు. నా ఆఫీసులో కోడ్ తప్పు రాస్తే మర్నాడు దిద్దుకోవచ్చు.

ఫిజూల్ ఖర్చు అనేవాళ్లూ ఉన్నారు. ముగ్గురు పిల్లల ఇంట్లో ఇద్దరు పట్టే కారేంటి అని. ఇంటికి వేరే వ్యాన్ ఉంది, బేగమ్ సాహెబా ఇజాజత్ ఉంది, హిసాబ్ రాసిన నోటుబుక్కూ ఉంది. క్లచ్ కింద ఉండే చిన్న సిలిండర్ ఈ కార్లలో తరచూ కారుతుంది. ముక్క ఖరీదు తక్కువ, మెహనతే ఎక్కువ, అది నాదే. నాకు నిజంగా ఫిజూల్ అనిపించేది వేరే ఉంది. ఈ తేలిక బండికి టర్బో తగిలించి, పెద్ద పెద్ద చక్రాలు వేసి, దిఖావాకి తిప్పడం. దీని అసలు టైరు 185/60, పద్నాలుగు అంగుళాల చక్రం. 2017లో కంపెనీయే జపాన్‌లో పాత మియాటాలను తీసుకుని కొత్తగా చేసి ఇచ్చే పథకం ప్రకటించి, గుడ్డ కప్పులు, అదే కొలత టైర్లు మళ్లీ తయారు చేయించింది. చేసినవాళ్లకే పాత కొలత మీద అంత ఖదర్ ఉంటే మనమెవరం దాన్ని చెడగొట్టడానికి? బిర్యానీలో కెచప్ పోసుకోవడంలా ఉంటుంది.

ఇక ఖాలా మాట. ఆమె బాధ ఝూట్ కాదు. నలభై ఏళ్లు ఆ గ్రీజు బట్టలు ఉతికింది ఆమె. ఖాలూ నడుము పోయింది, ఒక వేలు పోయింది, బుఢాపాలో చేతిలో జమ ఏమీ మిగల్లేదు. నా శనివారానికీ ఆ పిల్లాడి శనివారానికీ తేడా ఉందని నాకూ తెలుసు. నాకు కుదరకపోతే కారు స్టాండ్ల మీద నెలరోజులుంటుంది, జీతం పడుతూనే ఉంటుంది. వాడికి సాయంత్రానికి కస్టమర్ వస్తాడు. షౌక్‌ని, రోజీని ఒకే తక్కెడలో తూచేంత నాదాన్‌ని కాదు.

కానీ ఖాలా, మీరు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఉస్తాద్ ఎవరు? శాగిర్దులకి జీతం నెలకి కచ్చితంగా ఇస్తాడా, "నేర్చుకుంటున్నాడు కదా" అని ఏళ్లు గడుపుతాడా? కారు ఎత్తడానికి లిఫ్ట్ ఉందా, ఇటుకల మీద నిలబెడతారా? గ్లవ్స్, కళ్లద్దాలు ఇస్తారా? స్కానర్ పెట్టి చూడటం, బ్యాటరీ కార్ల వైరింగు నేర్పేవాళ్లు ఉన్నారా? వీటికి జవాబులు బాగోకపోతే ఆ గ్యారేజీ వద్దని నేనే చెప్తాను, ఇంకోటి వెతకమంటాను. పని మాత్రం వద్దనలేను. గుంటూరు, కర్నూలు, హైదరాబాద్, ఏ ఊరి గ్యారేజీల వరసలో చూసినా మనవాళ్ల చేతులు కనిపిస్తాయి. నా ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఫీజు ఖాలూ చొక్కా జేబులోంచి వచ్చింది. నోట్ల మీద ఆయిల్ మరకలు ఉండేవి, కాలేజీ క్లర్కు ముక్కు చిట్లించి లెక్కపెట్టాడు.

పిల్లాడికి నేను సీటు వెనక గొట్టం ఫోటో ఒకటి పంపి, ఇది మూసుకుపోతే నీళ్లు ఎటు పోతాయని అడిగాను. ఈ కారుని వాడు జన్మలో చూడలేదు. రెండు నిమిషాల్లో కాగితం మీద బొమ్మ గీసి పంపాడు, రాకర్ ప్యానెల్ దగ్గర బాణం గుర్తు పెట్టి.

డిసెంబర్‌లో ఇక్కడినుంచి విజయవాడ వచ్చేవాళ్ల సామానులో వాడికి ఒక టార్క్ రెంచ్ పంపుతున్నాను. బోల్ట్ ఎంత బిగువుకి రావాలో అంతకి రాగానే టిక్‌మని చెబుతుంది. పని అయ్యాక స్కేలు మళ్లీ కిందికి తిప్పి డబ్బాలో పెట్టమనండి ఖాలా, లేకపోతే లోపలి స్ప్రింగ్ పాడవుతుంది.