అందరికీ చోటున్నప్పుడే అది జట్టు

ఒకసారి అస్లమ్ తెగకు చెందిన కొందరు రెండు పక్షాలుగా విడిపోయి బాణాలు వేసే పోటీ పెట్టుకున్నారు. అటుగా వచ్చిన దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని ప్రోత్సహిస్తూ, తాను ఒక పక్షంవైపు ఉన్నానన్నారు. వెంటనే రెండో పక్షంవారు బాణాలు వేయడం ఆపేశారు. ఎందుకు ఆపారని ఆయన అడిగారు. తమరు అవతలి పక్షాన ఉండగా తామెలా వేయగలమని వారు విన్నవించుకున్నారు. అప్పుడాయన తాను అందరితోనూ ఉన్నానని చెప్పి ఆట కొనసాగించమన్నారు.

సహీహ్ బుఖారీలోని ఈ ఉదంతం మనలో చాలామంది విన్నదే. అయితే ఒక విషయం గమనించాలి. కొందరు ఆగిపోయినప్పుడు ప్రవక్త (స) వారిని తప్పుపట్టలేదు. ముందు కారణం అడిగారు.

ఇది ఇప్పుడు గుర్తు చేయడానికి కారణముంది. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. సిబ్బంది మధ్య ఐకమత్యం పెరగాలని అక్కడ ఏటా ఆటలు, విందు ఏర్పాటు చేస్తారు. ఒక ఏడాది అవి రంజాన్ నెలలో, మిట్టమధ్యాహ్నం వచ్చాయి. పరుగు పందెం, తాడు లాగే పోటీ, ఆపైన విందులో మద్యం. రోజాతో ఉన్న ఆ అబ్బాయి ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాడు. అతను ఎవరితోనూ కలవడని పైఅధికారి అన్నాడట. తండ్రి నా దగ్గరకు వచ్చి, "మౌల్వీ సాబ్, మావాడు చేసింది తప్పా?" అని బాధపడ్డాడు.

రోజా కాపాడుకోవడం తప్పెలా అవుతుంది? చెప్పకుండా వచ్చేయడం మాత్రం పొరపాటు. ఎవరినీ అడగకుండా ఏర్పాట్లు చేయడం అంతకన్నా పెద్ద పొరపాటు.

జట్టు అంటే ఏమిటో మన ప్రాంతంవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గు బావుల్లో అది ప్రాణాలతో ముడిపడిన సంగతి. పైకప్పును పరీక్షించేవాడు, దానికి ఊతం పెట్టేవాడు, బొగ్గు తీసేవాడు, వీరిలో ఏ ఒక్కరు ఏమరుపాటుగా ఉన్నా మిగతావారికి ముప్పే. అలాంటి నమ్మకాన్ని పెంచే కార్యక్రమాలే కావాలి. గనుల్లో జరిగే రక్షణ పక్షోత్సవాలు, ప్రథమ చికిత్స పోటీలు ఇందుకు మంచి ఉదాహరణలు. వీటిలో కండబలం కన్నా తెలివికి, జాగ్రత్తకు విలువ. వయసు పైబడినవారికీ, మహిళలకూ చోటుంటుంది. 2019లో కేంద్రం భూగర్భ గనుల్లో కూడా మహిళల ఉద్యోగాలకు అనుమతించింది కనుక ఈ ఆలోచన మరింత అవసరం.

ఏర్పాట్లు చేసేవారు కొన్ని సంగతులు ముందే చూసుకోవాలి. జుమా నమాజు వేళ తప్పించాలి. రంజాన్‌లో ఒళ్లు అలసే ఆటలు వద్దు. 2025 రంజాన్‌లో తెలంగాణ ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్లేందుకు వీలు కల్పించింది. ఆ పాటి ఆలోచన ప్రతి యజమానీ చేయవచ్చు. స్త్రీపురుషులు ఒకరినొకరు తాకవలసిన ఆటలకు ఎవరినీ బలవంతపెట్టరాదు. మద్యం లేని విందు అందరిదీ అవుతుంది. మొక్కలు నాటడం, రక్తదానం వంటివాటికి సాధారణంగా మతం అడ్డురాదు.

ఈ న్యాయం మనకూ వర్తిస్తుంది. మనం ఇఫ్తార్ విందు ఇచ్చినప్పుడు శాకాహారులైన తోటి ఉద్యోగుల కోసం వేరుగా వంట చేయించామా? అయ్యప్ప దీక్షలో ఉన్న మిత్రుని నియమాన్ని గౌరవించామా? మన రోజాను గౌరవించమని అడిగేవారు ముందు ఎదుటివారి నియమాన్ని గౌరవించాలి.

మన యువకులకు నా సలహా ఒక్కటే. మౌనంగా తప్పుకోకండి. పది రోజుల ముందే వెళ్లి మర్యాదగా ఇబ్బంది చెప్పండి, దానితోపాటు మరో మార్గమూ సూచించండి. ఆడలేకపోతే లెక్కలు రాయండి, కుర్చీలు వేయండి, గెలిచినవారిని అభినందించండి. కందక యుద్ధానికి ముందు మదీనా రక్షణకు కందకం తవ్వినప్పుడు దైవప్రవక్త (స) స్వయంగా మట్టి మోశారు. పనిలో పాలుపంచుకున్నవాడిని ఎవరూ పరాయివాడనుకోరు.

అల్లాహ్ మనకు విశ్వాసాన్ని కాపాడుకుంటూనే తోటివారితో కలిసి నడిచే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.