పాలు పడకపోవడం ఎవరి తప్పు?

'దానికి పాలు పడలేదు' అంటారు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో కర్త పాలు. నింద మాత్రం తల్లికి. ఆ నిందకి విరుగుడుగా వెల్లుల్లి, బొప్పాయి కూర, పాలసొర పెట్టేవారు. ఇప్పుడు వాటి పక్కన బ్రెస్ట్ పంప్ చేరింది.

పంప్ మీద నాకు కోపం లేదు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అన్ని పాలు ఊరతాయి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినప్పుడు, సరిగ్గా చప్పరించలేనప్పుడు, పంపుతోనో చేత్తోనో పిండితేనే ఊట నిలుస్తుంది. అయితే ఊట పెరగాలంటే రాత్రితో సహా రోజుకి ఎనిమిది సార్లు, సారికి పావుగంట. అంటే రెండు గంటల తీరిక, కూర్చోడానికి చోటు, కడగడానికి శుభ్రమైన నీళ్లు. ఇవేవీ పంపు డబ్బాలో రావు.

పూర్ణా మార్కెట్‌లో తెల్లవారకముందే కూరగాయల గంప దించుకునే బాలింతని తలుచుకోండి. బిడ్డకి దూరంగా ఆరేడు గంటలు. రొమ్ములు గడ్డకట్టి, జాకెట్టు తడిసి, కొంగు కప్పుకుని బేరమాడాలి. పిండకుండా నిలిచిపోయిన పాలు ఒంటికి చెప్పేది ఒకటే, ఇక ఊరక్కర్లేదని. కష్టపడి పిండినా ఆ ఎండలో నాలుగు గంటలు నిలవవు. నెల తిరిగేసరికి ఆమెకీ అదే తీర్పు: పాలు పడలేదు.

చట్టాలకి కొదవలేదు. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవుని 12 నుంచి 26 వారాలకి పెంచింది. జీతమిచ్చే యజమాని ఉన్నవాళ్లకే అది. ప్రభుత్వోద్యోగినులు మినహా గర్భిణులకీ బాలింతలకీ కనీసం 6,000 రూపాయలివ్వాలని 2013 ఆహార భద్రతా చట్టం రాసింది. 2017 మాతృ వందన పథకం దాన్ని మొదటి కాన్పుకి 5,000 చేసింది. 2022 నుంచి రెండో కాన్పుకి 6,000 ఇస్తున్నారు, ఆడపిల్ల పుడితేనే. మగబిడ్డని కన్న తల్లికి ఒళ్లు అలవదా?

ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాలు అమృతమని బ్యానర్లు కడతారు. ఆ అమృతానికి పట్టే గంటల కూలి ఎవరిస్తారో ఏ బ్యానరూ చెప్పదు. తల్లి శ్రమని ప్రేమ అని పిలిస్తే లెక్క కట్టక్కర్లేదు కదా!

2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ కమిటీలోని వ్యాపారుల ప్రతినిధుల్లో మూడోవంతు స్త్రీలుండాలంది. వాళ్లు అడగాల్సింది ఉంది. ఆశీలు కట్టించుకునే ప్రతి మార్కెట్లో గడియ ఉన్న గది, కుళాయి, చిన్న ఫ్రిజ్, పిల్లల్ని చూసే మనిషి. అవి ఇచ్చాక చూద్దాం, ఎందరికి పాలు పడలేదో.