డీజిలు ఎవరు తాగారు?

లెక్కలో తేడా వచ్చినప్పుడు మన చూపు ముందుగా మనిషి మీదికి పోతుంది. పాలు పలచబడితే పాలామె మీదికి, పంచదార తొందరగా అయిపోతే పనిపిల్ల మీదికి, బండి మైలేజీ తగ్గితే డ్రైవరు మీదికి. కొలిచే పాత్రనే అనుమానించాలని ఆఖరున గాని తోచదు. అది తోచకముందే పనిమనుషుల్ని సాగనంపిన ఇళ్ళు మీరూ చూసే వుంటారు. ఈ వారం డ్రైవరు సంగతి మనవి చేస్తాను.

శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడలో మా చిన్నాయనగారు వున్నారు. 2022లో జిల్లాలు విడదీసేదాకా ఆ వూరు అనంతపురం జిల్లాలో వుండేది. ఆయనది శెనక్కాయల వ్యాపారం. జీపులాంటి బండి వొకటి వుంది. అది కదిరి మార్కెట్టుకు, పుట్టపర్తి రైలుకు, బెంగుళూరు ఆస్పత్రికి తిరుగుతూ వుంటుంది. దాన్ని నడిపే అబ్బాయి ఎనిమిదేళ్ళుగా ఇంట్లో మనిషి. వాడు తినందే మా పిన్నమ్మ కంచం ముందు కూచోదు.

పోయిన వేసవిలో బండికి టైర్లు మార్చవలసి వచ్చింది. పాతవి 215/75 ఆర్ 15. "235 వేయించుకోండి సామీ, బండి ఠీవిగా వుంటుంది, గుంతల్లో పొట్ట తగలదు" అన్నాడట షాపతను. ఠీవి అన్న మాటకు లొంగని యజమాని ఎక్కడున్నాడు? వేయించారు.

చిన్నాయన లెక్క పుస్తకంలో పైసా తప్పదు. నెలనెలా 1,500 కిలోమీటర్లు, 100 లీటర్లు, లీటరుకు 15. టైర్లు మార్చిన నెలలో తిరిగిన వూళ్ళు ఎప్పటివే. కాని మీటరు చూపింది 1,439. డీజిలు పోయించింది 102 లీటర్లు. 1,439ని 15తో భాగిస్తే 96 లీటర్లు చాలాలి. మరి తక్కిన ఆరు?

"అబ్బీ, ఆరు లీటర్లు యాడికి పోయినాయిరా?"

"బండే తాగింది సామీ, నేను తాగలేదు."

రెండో నెలా అంతే. మూడో నెలలో జీతంలో పట్టుకుంటానన్నారు చిన్నాయన. ఆ అబ్బాయి కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడట. పిన్నమ్మ నాకు ఫోను చేసింది: "నాయనా, వాడు దొంగ గాదు. మీ చిన్నాయనకు చెప్పేవాళ్ళు లేరు."

చెప్పవలసినదల్లా వొకటే. బండిలోని మీటరుకు దూరం తెలియదు. దానికి తెలిసింది చక్రం తిరిగిన చుట్లు మాత్రమే. చుట్టుకు ఇంత దూరం అని కంపెనీవారు ముందే నిర్ణయించి పెడతారు. మీటరు ఆ ప్రకారం లెక్కవేసి అంకె చూపుతుంది. ఇదేమీ కొత్త విద్య కాదు. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలోనే రోము దేశపు శిల్పి విట్రూవియస్ ఇలాంటి బండిని వర్ణించాడు. చక్రం చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు. 400 చుట్లు తిరిగితే 5,000 అడుగులు, అంటే వారి మైలు. మైలుకొక గులకరాయి పెట్టెలో పడుతుంది. దిగిన తరువాత రాళ్ళు లెక్కపెట్టుకోవడమే. ఆ బండికి ఎవరయినా పెద్ద చక్రం తగిలిస్తే? దారి అంతే వుంటుంది, రాళ్ళు తగ్గుతాయి.

చిన్నాయన బండికి జరిగింది సరిగ్గా అదే. టైరు మీది అంకెల్లో 215 వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 పాళ్ళు టైరు పక్కగోడ ఎత్తు. 15 అంటే రిమ్ము, అంగుళాల్లో. అంచేత వెడల్పు పెంచితే ఎత్తూ పెరుగుతుంది. కాగితం లెక్కన పాత టైరు అడ్డుకొలత 703 మిల్లీమీటర్ల పైచిలుకు, కొత్తది 733 పైచిలుకు. పాత టైరు కిలోమీటరుకు 452 చుట్లు తిరిగితే, కొత్తది 434 చుట్లతోనే చేరుకుంటుంది. పాపం మీటరు పాత చుట్టుకొలతనే పట్టుకుని కూచుంది.

నేను నల్లమాడ వెళ్ళి ఇదంతా చెబితే చిన్నాయన "కాగితం మీద ఏమన్నా రాయొచ్చులే" అన్నారు. సరే, రోడ్డు మీదనే చూద్దామని గోరంట్ల మీదుగా పాలసముద్రం పోయి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. పెనుకొండ వైపుగా కిలోమీటరు రాళ్ళు చిన్నాయనే పైకి లెక్కపెట్టారు. 25 రాళ్ళు దాటేసరికి మీటరులో 24 తిరిగాయి. ఆయన కాసేపు మాట్లాడలేదు.

1,439ని 25తో గుణించి 24తో భాగించండి. పాత 1,500 రమారమి వచ్చేస్తుంది. దానికి 100 లీటర్లు న్యాయం. అంటే ఆరింటిలో నాలుగు లీటర్లు ఎవరూ తాగలేదు, అవి లెక్కలోనే పుట్టాయి. మిగిలిన రెండూ? వెడల్పయిన, బరువయిన టైరును దొర్లించడానికి ఇంజనుకు అదనపు శ్రమ. అది ఠీవికి కట్టిన సుంకం. నిజమైన మైలేజీ 14.7. పుస్తకం చూపింది 14.1.

జీతంలో కోత ఆగిపోయింది. లెక్క పుస్తకంలో "25/24" అని కొత్త గడి వెలిసింది. ఆ అబ్బాయి బండి నడుపుతూనే వున్నాడు. కాని ఇప్పుడు డీజిలు పోయించిన ప్రతిసారీ, అడగకుండానే, చీటీ తెచ్చి చిన్నాయన చేతిలో పెడుతున్నాడు. ఎనిమిదేళ్ళలో ఎన్నడూ అలా చేసినవాడు కాదు. పిన్నమ్మకు అదే కష్టంగా వుంది.

బండి వున్న పాఠకులు కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే మంచిది. టైర్లు మార్చేటప్పుడు డ్రైవరు వైపు తలుపు దగ్గర అంటించిన చీటీలోనో, కంపెనీవారి పుస్తకంలోనో వున్న సైజే అడగండి. సైజు మారితే అద్దం వెనక కనిపించే మైలేజీ అంకెను కూడా నమ్మకండి. అదీ ఆ చుట్ల లెక్కే. వేగం కూడా అంతే. ఇదివరకు సరిగా చెప్పిన మీటరు యీ పెద్ద టైర్లతో 80 అంటే నిజానికి 83. టైరు అరిగినప్పుడు తిరకాసు తలకిందులవుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల గాడి రెండుకు దిగితే మీటరు నూటికి ఒకటిన్నర పాళ్ళ దాకా ఎక్కువ చూపవచ్చు. కిలోమీటరు లెక్కన బండి మాట్లాడుకుని తిరుపతికి బయలుదేరేవారు ఇది తెలుసుకుని వుండాలి.

మైలేజీ చూడదలిస్తే ఒకే బంకులో ట్యాంకు నిండుగా పోయించి, మళ్ళీ అక్కడే నిండుగా పోయించి, నడుమ దూరం రోడ్డు రాళ్ళతోనో ఫోనులోని జీపీఎస్‌తోనో చూసుకోండి. అరపూట పని. మనిషిని అడగవలసిన మాట ఏమైనా వుంటే ఆ తరువాత అడగవచ్చు.