ఎవరు చెప్పిరి?

'ఇది ప్రవక్త వచనము. పదిమందికి పంపిన పుణ్యము' అను సందేశములు నేడు ముస్లిముల సెల్‌ఫోనులలో అనుదినము వచ్చిపడుచున్నవి. ఏ గ్రంథములోనిదో, ఎవరు చెప్పిరో వానిలో నుండదు. గాలికి పుట్టి ధూళికి పెరిగిన యీ మాటల సత్యాసత్యములను నిర్ణయించుటెట్లు? ఈ ప్రశ్న ఇస్లామునకు క్రొత్తది కాదు.

నీతిమాలినవాడు వార్త తెచ్చినచో విచారింపవలెనని ఖురాను 49వ అధ్యాయము విధించుచున్నది. తెలియక పరులకు హానిచేసి పిదప వగచుట తప్పునని అచ్చటనే కారణమును జూపినది. ఈ విధిని హదీసు పండితులు శాస్త్రముగా పెంచిరి. ప్రవక్త వచనముతోపాటు దానిని ఒకరినుండి యొకరు విని చెప్పిన వారి పేర్ల వరుస యుండవలెను. దానికే ఇస్నాదని పేరు. ప్రతి యుల్లేఖకుని సత్యసంధతను, జ్ఞాపకశక్తిని పరీక్షింతురు. తాను పేర్కొన్న గురువును నిజముగా కలిసికొనెనా యని విచారింతురు. ఊరుపేరు తెలియనివాడొక్కడున్నను ఆ వరుస బలహీనమగును. 1449లో గతించిన ఇబ్ను హజరు ఉల్లేఖకుల చరిత్రలను గూర్చి రచించిన 'తహ్‌జీబుత్తహ్‌జీబు'ను 20వ శతాబ్దారంభమున ముద్రించినది మన హైదరాబాదునందు 1888లో వెలసిన దాయిరతుల్ మఆరిఫు సంస్థయే.

సదుద్దేశము సత్యమునకు ప్రమాణము కాదనియు నా పండితులెరుగుదురు. 8వ శతాబ్దివాడగు నూహ్ ఇబ్ను అబీ మర్యము జనులను ఖురానువైపు మరల్చుటకై అధ్యాయమహిమలను గూర్చి వచనములు కల్పించెనని హదీసు గ్రంథములు తెలుపుచున్నవి. 1201లో గతించిన ఇబ్నుల్ జౌజీ కల్పితవచనములను ప్రత్యేకగ్రంథమున చేర్చి ఖండించెను. నేటి పుణ్యసందేశములు ఆ జాతివే.

సౌదీ రాజు సల్మాను 2017లో మదీనాయందు హదీసు పరిశీలనకై సంస్థను స్థాపించెను. వాట్సాపు సంస్థ 2018లో మన దేశమున ఒక సందేశమును ఒకమారు ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను. ఇవి కొంత యుపకరించును. కాని పాలకుల చేతిలోని పరిశీలన పాలకుల మేలునకే యొరగవచ్చును. యంత్రపు కట్టడి వేగమును తగ్గించునేగాని అసత్యమును సత్యము చేయదు.

కావున భారము పంపువానిదే. సందేశమును ముందునకు నెట్టినవాడు తానును ఉల్లేఖకుల వరుసలో చేరుచున్నాడు. విన్నదెల్ల చెప్పువానిని అసత్యవాదిగా నెంచు హదీసు అతనికిని వర్తించును. మూలము తెలియనిదానిని తనయొద్దనే నిలుపుట, తెలిసినవారి నడుగుట అతని ధర్మము. తన మతగౌరవమును కోరు ఏ మతస్థునకైనను ఇది యాచరణీయమని మేము తలంచుచున్నాము.