మంచి ముక్కకూ మితమైన పందెమే మేలు

చేతిలో మంచి ముక్క పడడం వేరు. దానిని నమ్మి వున్నదంతా ఒడ్డడం వేరు. ఈ రెండింటి మధ్య గల వ్యత్యాసాన్ని విస్మరించి దెబ్బతినేవారు పేకబల్లల వద్దనే గాక వాయిదా బజార్లలోనూ కద్దు. అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఏటా జరిగే పోకర్ పోటీలలో ఆరితేరినవారు అనుసరించే పద్ధతి ఈ విషయంలో వర్తకులు పరిశీలించదగినది.

టెక్సాస్ హోల్డెమ్ అనే ఈ ఆటలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. పిమ్మట అందరికీ ఉమ్మడిగా బల్లపై ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు, తర్వాత ఒకటి, చివర మరొకటి. తెరిచిన ప్రతిసారీ పందెం వుంటుంది. చేతిలో ఆసు, రాజు వుండి, బల్లపై ఆసు, ఏడు, రెండు పడితే ఆసుల జత కుదిరినట్లు. బల్లమీది పెద్ద ముక్కతో కుదిరినది గనుక దీనిని టాప్ పెయిర్ అంటారు. తోడుగా రాజు వున్నందున జతల్లో దీనిని మించినది లేదు. ఆటగాడికి తేజీ భావం కలగడం సహజం.

అయినా అది ఒక్క జతే. ఎదుటివాని చేతిలో రెండు ఏడులు వుంటే వానికి మూడు ఏడులు కుదిరాయి. ఆసుల జత ఇక గెలిచే అవకాశం దాదాపు మృగ్యం. చేతిలో జత వున్నవానికి మొదటి మూడు ముక్కల్లోనే మూడవది కలిసే అవకాశం సుమారు 12 శాతం. చూడడానికి ఇది స్వల్పమే. కాని పందెం పెరిగేకొద్దీ చిన్న చేతులవారు ముక్కలు పడేసి తప్పుకుంటారు. చివరిదాకా భారీ సొమ్ముకు నిలిచేవాడు సాధారణంగా ఆ 12 శాతంలోని వాడే. ఎంత అడిగితే అంత సరుకు జంకు లేకుండా ఇస్తూపోయే అమ్మకందారును చూచి కొనుగోలుదారు శంకించవలసినట్లే, పెద్ద పందేలకు వెనుదీయని ప్రత్యర్థిని చూచి టాప్ పెయిర్ గలవాడు శంకించాలి.

పందెం ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. బల్లపై 1,000 బిళ్లలు వున్నాయనుకుందాం. మూడు దఫాలూ బల్లపై వున్నంత సొమ్ము ఒడ్డుతూపోతే, ఎదుటివాడు కూడా సరితూగినపుడు, 1,000, 3,000, 9,000 చొప్పున మొత్తం 13,000 బిళ్లలు చేతినుంచి పోతాయి. అట్లుగాక రెండు దఫాలు మాత్రమే, వున్నదానిలో సగం చొప్పున ఒడ్డి, ఒక దఫా ఊరకుంటే పెట్టేది 1,500. ముక్క అదే, బల్ల అదే. నష్టభయం మాత్రం తొమ్మిదవ వంతుకు తగ్గింది. పైగా మితమైన పందేనికి చిన్న జతలవారు కూడా నిలుస్తారు గనుక ఈ చేతికి రావలసిన లాభం చాలావరకు వచ్చితీరుతుంది.

రొక్కం ఆటలో బిళ్ల విలువ ఎప్పుడూ ఒక్కటే. పోయినవాడు మళ్లీ కొనుక్కోవచ్చు. పోయినచోటే వెతుక్కోవాలన్న పేకాటరాయుళ్ల సామెత అక్కడ కొంతైనా చెల్లుతుంది. టోర్నమెంటులో బిళ్లలన్నీ పోయినవాడు లేచిపోవలసిందే. వెతుక్కోవడానికి ఆ చోటే మిగలదు. అంతేకాదు, అక్కడ గెలిచిన బిళ్లకన్నా పోగొట్టుకున్న బిళ్ల విలువ హెచ్చు.

నలుగురు మిగిలారనీ, అందరి వద్దా బిళ్లలు సమానమనీ, బహుమతులు 50, 30, 20 చొప్పున ముగ్గురికేననీ అనుకుందాం. అప్పుడు ఒక్కొక్కరి స్థానం విలువ 25. ఇద్దరు వున్నదంతా ఒడ్డి తలపడితే ఓడినవానికి దక్కేది శూన్యం. గెలిచినవాని బిళ్లలు రెట్టింపవుతాయి గాని, అతని స్థానం విలువ 50 కాదు, 38.33 మాత్రమే. 25ను పణం పెట్టి అతడు సంపాదించింది 13.33. అంటే ఇట్టి తలపాటు గిట్టుబాటు కావాలంటే నూటికి 65 పాళ్లకు పైగా గెలుపు ఖాయమై వుండాలి. మిగతా సొమ్ము ఎక్కడికి పోయింది? చేతులు కట్టుకు కూర్చున్న ఇద్దరికీ చెరి 5.83 చొప్పున చేరింది. ఇరువురు తేజీమందీదారులు కొట్లాడుకుంటే గట్టున వున్నవారు బాగుపడడం బజారుకు కొత్త కాదు.

ఈ లెక్కకు మూలం బహుమతుల పంపకంలో వున్నది. 1970లో లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూలో ప్రారంభమైన ప్రపంచ పోకర్ పోటీల ప్రధాన ఘట్టంలో తొలి సంవత్సరాలలో మొత్తం సొమ్ము విజేతదే. రెండవ స్థానానికి విలువ లేనందున దూకుడుకు ప్రత్యేక శిక్ష కూడా లేదు. 1978లో పంపకం మొదలైంది. ఆ ఏడు 42 మంది తలా 10,000 డాలర్లు చెల్లించగా పోగైన 4,20,000 డాలర్లలో విజేత బాబీ బాల్డ్విన్‌కు దక్కింది సగం, 2,10,000. మిగతా సగం తర్వాతి స్థానాలవారికి పోయింది. 2024లో పాల్గొన్నవారు 10,112 మంది కాగా, ఆరేడుగురిలో ఒకరికి ఏదో ఒక బహుమతి లభించింది. ఇట్టి పోటీలో నిలిచివుండడమే ఒక ఆస్తి. 1982లో జాక్ స్ట్రాస్ ఒకే ఒక్క బిళ్ల మిగిలిన స్థితినుంచి పుంజుకొని 5,20,000 డాలర్లు గెలిచాడని నేటికీ చెప్పుకుంటారు. ఆ ఒక్క బిళ్ల కూడా లేకుంటే ఆ కథే లేదు.

దూకుడుగా ఒడ్డకపోతే ఎదుటివానికి చవకగా ముక్క చూపించినట్లవుతుందన్న వాదన వున్నది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. బల్లపై ఒకే జాతి ముక్కలు రెండు పడి, అదే జాతివి మరి రెండు ప్రత్యర్థి చేతిలో వుంటే, ఐదూ కలిసే అవకాశం మూడింట ఒక వంతుకు పైగా వుంటుంది. అక్కడ హెచ్చు ధర వసూలు చేయవలసిందే. కాని ఆసు, ఏడు, రెండు వేర్వేరు జాతులవైతే చిన్న జత గలవాడు మూడవదాన్ని కలుపుకుని మించే అవకాశం 9 శాతం లోపే. ఆ స్వల్ప ప్రమాదానికి జడిసి సర్వస్వం ఒడ్డడం కొండనాలుకకు మందు వేయబోయి ఉన్న నాలుక ఊడగొట్టుకోవడమే. అట్లే, బిళ్లలు బాగా తరిగిపోయి పది పన్నెండు పందేలకు మించి ఓపిక లేనివాడు టాప్ పెయిర్ దొరికితే జంకరాదు. జాగ్రత్త అనేది లోతైన పెట్టుబడి గలవాని ధర్మం. పిరికితనానికి మారుపేరు కాదు.

బజారులో ఇందుకు ఉదాహరణ వెదకనక్కరలేదు. టెక్సాస్‌కు చెందిన హంట్ సోదరులు వెండిని భారీగా కొని పోగుచేశారు. 1980 జనవరిలో ఔన్సు ధర 50 డాలర్ల దాపునకు చేరింది. వారి చేతి ముక్క మంచిదే. కాని అప్పు తెచ్చి ఒడ్డిన పందెం పెద్దదై, వెనుకకు రాలేని స్థితి ఏర్పడింది. ఎక్స్ఛేంజి కొత్త కొనుగోళ్లపై ఆంక్షలు విధించడంతో ధర జారింది. మార్చి 27న 11 డాలర్ల దిగువకు పడిపోగా వారు మార్జిను చెల్లించలేకపోయారు.

సరుకుపై అంచనా సరైనదైనంత మాత్రాన లావాదేవీ పరిమాణం సరైనదని అర్థం కాదు. అంచనా తలక్రిందులైనా మర్నాడు బజారులో అడుగుపెట్టగలంత నిలవ చేతిలో వుంచుకున్న తర్వాతనే, మంచి ముక్కపై ఎంత ఒడ్డాలో నిర్ణయించుకోవడం శ్రేయస్కరం.