వీసా వచ్చాక కూడా ప్రార్థించాలి

మన సంఘాల్లో ప్రార్థన మనవులు చదివేటప్పుడు వీసా మాట వినబడని ఆదివారం అరుదు. ఇంటర్వ్యూ రోజున ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉంటారు. వీసా వస్తే సాక్ష్యం చెబుతారు, కృతజ్ఞతార్పణ ఇస్తారు. బిడ్డ విమానం ఎక్కాక ఆ మనవి ఇక వినబడదు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

చదువు మానేసినా, తరగతులకు వెళ్లకపోయినా, కాలేజీకి చెప్పకుండా కోర్సు వదిలేసినా వీసా రద్దు కావచ్చని 2025 మే నెలలో భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది. ఇది కొత్త నియమం కాదు. ఎఫ్‌-1 వీసా ఇచ్చేదే పూర్తికాలం చదవడానికి. బ్యాచిలర్ డిగ్రీ విద్యార్థి సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. ఎంఎస్ విద్యార్థికి ఎన్ని అనేది యూనివర్సిటీ చెబుతుంది. అనుమతి లేకుండా తగ్గిస్తే ఆ సంగతి సెవిస్ అనే ప్రభుత్వ రికార్డుకు చేరుతుంది.

పిల్లలు ఎందుకు తప్పుతున్నారు? చాలా ఇళ్లలో కారణం అప్పు. సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయవచ్చు. ఆ డబ్బు వాయిదాలకు చాలదు. అప్పుడు బయట దొంగచాటు పని, పాఠాలు లేని కాలేజీ ఆశ పెడతాయి. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఉదంతం మరచిపోలేదు కదా? అది అమెరికా అధికారులే వలగా నడిపిన బూటకపు సంస్థ. 2019 జనవరిలో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో చాలామంది తెలుగువారే. ప్రభుత్వమే వల పన్నడం సరికాదన్న విమర్శలో న్యాయం ఉంది. అయినా నష్టపోయింది మన పిల్లలే.

అలాగని వీసా పోయిన ప్రతి బిడ్డనూ దోషిగా చూడకూడదు. 2025 ఏప్రిల్‌లో వేలమంది సెవిస్ రికార్డులు సరైన కారణం చూపకుండానే రద్దయ్యాయి. విద్యార్థులు కోర్టులకు వెళ్లాక ప్రభుత్వం వాటిని పునరుద్ధరించింది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ముందుగా చెప్పినవారికి ఈ చట్టంలో దారులు ఉన్నాయి. జబ్బు చేస్తే డాక్టరు పత్రంతో, యూనివర్సిటీలోని డీఎస్‌ఓ అనే అధికారి అనుమతితో కోర్సులు తగ్గించుకోవచ్చు. అనుమతి తీసుకుని చదువు ఆపితే దేశం విడిచి వెళ్లడానికి 15 రోజుల గడువు ఉంటుంది. చెప్పకుండా మానేస్తే ఆ గడువు ఉండదు. తమ చేతిలో లేని కారణంతో హోదా కోల్పోయినవారు సాధారణంగా అయిదు నెలల లోపు పునరుద్ధరణ కోరవచ్చు. అనుమతి లేని పని చేసినవారికి ఆ దారి కూడా మూసుకుపోతుంది.

అయితే ఇంట్లోనే చెప్పలేని బిడ్డ అధికారికి ఏం చెబుతాడు? సంఘమంతటి ముందు సాక్ష్యం చెప్పిన అమ్మ తలవంచుకోవలసి వస్తుందని, పొలం తాకట్టు పెట్టిన నాన్న తట్టుకోలేడని భయపడి దాస్తాడు. తప్పిపోయిన కుమారుని ఉపమానం ఎన్నోసార్లు విన్నాం. ఆ తండ్రి మనసు మన ఇళ్లలో ఉందా?

ఈసారి ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతి కాసేపు పక్కనపెట్టి, చదువు ఎలా సాగుతోందో అడగండి. కష్టంగా ఉందంటే కోప్పడకుండా వినండి. ఆ రోజే డీఎస్‌ఓను కలవమని చెప్పండి. కాపరులారా, విదేశాల్లో చదువుతున్న పిల్లల పేర్లు ప్రార్థన జాబితాలోంచి తీసేయకండి. ఓడిపోయి తిరిగి వచ్చిన బిడ్డకు కూడా మన బల్లల మీద చోటు ఉంచండి.